సాఫ్ట్‌వేర్ వేరియంట్ల నిర్వహణ

ఒకే మూలం నుంచి పుట్టి, చాలావరకు ఒకేలా ఉంటూ, కొన్ని అంశాల్లో మాత్రం తేడాపడే సాఫ్ట్‌వేర్ వ్యవస్థలను వేరియంట్లు అంటారు. ప్రతి వేరియంట్‌నూ విడిగా రాసి విడిగా మరమ్మతు చేసే బదులు, ఉమ్మడి భాగాన్ని ఒకచోట ఉంచి, తేడాలను నియమాలతో సహా నమోదు చేసి, ఏ వేరియంట్ కావాలంటే దాన్ని వాటి నుంచే తయారుచేసుకునే విధానం వేరియంట్ల నిర్వహణ. ఇలా కలిపి నడిపే కుటుంబానికి సాఫ్ట్‌వేర్ ఉత్పత్తి శ్రేణి అని పేరు. టెలివిజన్లు, కార్ల ఇంజన్లు, యుద్ధనౌకలు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఈ పద్ధతి ఎక్కువగా పెరిగిన రంగాలు. తేడాల సంఖ్య కొద్దిగా పెరిగితే చాలు, వాటి కలయికలు మనిషి గుర్తుంచుకోగల హద్దు దాటిపోతాయి. అందుకే ఈ రంగం మొదటి నుంచీ ఉపకరణాల మీద ఆధారపడింది.

సమస్య స్వరూపం

వేరియంట్లు సాధారణంగా పథకం ప్రకారం పుట్టవు. ఒక కొనుగోలుదారు కోసం రాసిన ప్రోగ్రాం ఇంకొకరికి నచ్చుతుంది, కానీ నాలుగు మార్పులు కావాలంటారు. ప్రోగ్రామర్లు మొత్తం కోడ్‌ను నకలు తీసి, అడిగిన మార్పులు చేసి ఇచ్చేస్తారు. మొదట్లో ఇది నిజంగానే లాభసాటి. పని త్వరగా అవుతుంది, పాత కొనుగోలుదారు ప్రోగ్రాం చెడుతుందన్న భయం ఉండదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పరిశ్రమలో నకళ్ల వాడకంపై 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇంజనీర్లు చెప్పిన కారణాలు దాదాపు ఇవే.

ఖర్చు తర్వాత మొదలవుతుంది. ఒక నకలులో దొరికిన భద్రతా లోపం మిగతా నకళ్లలోనూ ఉందా అన్నది ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. కొన్నాళ్లకు రెండు నకళ్ల మధ్య కనిపించే తేడా కొనుగోలుదారు అడిగి చేయించుకున్నదో, ఒకచోట చేసి ఇంకోచోట మరిచిపోయిన మరమ్మతో చెప్పగలవారు సంస్థలో మిగలరు. కోడ్‌లో తేడా కనిపిస్తుంది, దాని వెనకున్న కారణం కనిపించదు. వేరియంట్ల నిర్వహణలోని పద్ధతులన్నీ చివరికి ఈ లోటు పూడ్చడానికి వచ్చినవే.

వర్షన్‌కూ వేరియంట్‌కూ తేడా గమనించాలి. వర్షన్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, కొత్తది వస్తే పాతది పక్కకు తప్పుకుంటుంది. వేరియంట్లు ఒకే కాలంలో పక్కపక్కనే బతుకుతాయి. గిట్ వంటి వర్షన్ నియంత్రణ వ్యవస్థలు మొదటి పనికి ఎంతో చక్కగా పనికొస్తాయి. రెండో పనికి శాఖలు తెరిచి వాడుకోవచ్చు గానీ, ఎన్నటికీ తిరిగి కలవని శాఖ నకలు కిందే లెక్క.

చరిత్ర

1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో జరిపిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సదస్సులో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్, సాఫ్ట్‌వేర్ భాగాలను కర్మాగారపు సరుకులా తయారుచేసి, ఒక్కో భాగాన్ని రకరకాల వేగాలు, కొలతలతో అందుబాటులో ఉంచాలని వాదించారు. 1976లో డేవిడ్ పార్నాస్ ప్రోగ్రాం కుటుంబాలపై ప్రసిద్ధ వ్యాసం రాశారు. ఒక ప్రోగ్రాంను పూర్తిచేసి దాన్ని మార్చుకుంటూ పోవడం కాదు, కుటుంబ సభ్యులందరికీ ఉమ్మడిగా ఉండే నిర్ణయాలను ముందు తీసుకుని, తేడాపడే నిర్ణయాలను వీలైనంత వెనక్కు నెట్టాలన్నది ఆయన సూత్రం.

1980ల మధ్యలో స్వీడన్‌కు చెందిన సెల్సియస్‌టెక్ సంస్థకు స్వీడన్, డెన్మార్క్ నౌకాదళాల నుంచి యుద్ధనౌకల నియంత్రణ వ్యవస్థల ఒప్పందాలు ఒకేసారి వచ్చాయి. రెండింటినీ విడివిడిగా కట్టే శక్తి లేక, షిప్ సిస్టమ్ 2000 అనే ఒకే శ్రేణిగా రూపొందించింది. అమెరికాలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 1996లో ఈ అనుభవాన్ని నివేదికగా ప్రచురించాక అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఫిలిప్స్ సంస్థ టెలివిజన్ సాఫ్ట్‌వేర్ కోసం రాబ్ వాన్ ఒమ్మరింగ్ కోలా అనే భాగాల అమరిక పద్ధతిని తయారుచేశారు.

పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన అదే సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో క్యో కాంగ్, సహచరులు 1990లో వెలువరించిన నివేదిక ఫీచర్ మోడల్‌ను ప్రవేశపెట్టింది. ఈ రంగంలో అంత విస్తృతంగా నిలిచిన భావన మరొకటి లేదు. 2001లో క్లెమెంట్స్, నార్త్‌రప్ రాసిన గ్రంథం, 2005లో పోల్, బాక్లే, వాన్ డెర్ లిండెన్ రాసిన గ్రంథం ఈ విద్యకు ప్రామాణిక రూపం ఇచ్చాయి.

ఫీచర్ మోడల్

ఫీచర్ అంటే వాడుకరికి కనిపించే, ఒక వేరియంట్‌ను మరోదాని నుంచి వేరుచేసే లక్షణం. ఫీచర్ మోడల్ వీటిని చెట్టు ఆకారంలో పేర్చి చూపిస్తుంది. కొన్ని ఫీచర్లు తప్పనిసరి, కొన్ని ఐచ్ఛికం. కొన్ని గుంపుల నుంచి కచ్చితంగా ఒకటే ఎంచుకోవాలి, కొన్నింటి నుంచి కనీసం ఒకటి. ఇవి కాక, ‘ఇది ఉంటే అది ఉండాలి’, ‘ఇది ఉంటే అది ఉండకూడదు’ అనే అడ్డ నియమాలు ఉంటాయి.

బస్సు కండక్టరు వాడే టికెట్ యంత్రానికి ఊహించిన ఒక చిన్న మోడల్ చూద్దాం. టికెట్ ముద్రణ తప్పనిసరి. చెల్లింపుల్లో నగదు, కార్డు, యూపీఐ అనే మూడింటిలో కనీసం ఒకటి ఉండాలి. నెట్‌వర్క్ ఐచ్ఛికం. తెర మామూలుది గానీ టచ్‌ది గానీ, రెండింటిలో ఒకటే. అడ్డ నియమాలేవీ లేకపోతే చెల్లింపులకు 7 అవకాశాలు, నెట్‌వర్క్‌కు 2, తెరకు 2, మొత్తం 28 వేరియంట్లు. ఇప్పుడు మూడు నియమాలు చేర్చుదాం: కార్డుకు నెట్‌వర్క్ కావాలి, యూపీఐకి నెట్‌వర్క్ కావాలి, క్యూఆర్ కోడ్ చూపాలి గనుక యూపీఐకి టచ్ తెర కావాలి. చెల్లే వేరియంట్లు 12కు తగ్గుతాయి.

తర్వాత ఒకరోజు బ్యాటరీ విభాగం వారు టచ్ తెర, నెట్‌వర్క్ రెండూ కలిసి ఉండకూడదని ఒక నియమం చేర్చారనుకుందాం. చూడటానికి యూపీఐతో దానికి సంబంధమే లేదు. కానీ యూపీఐకి రెండూ కావాలి కాబట్టి, ఇకపై ఏ యంత్రంలోనూ యూపీఐ పెట్టలేరు. చెల్లే వేరియంట్లు 5 మిగులుతాయి. యూపీఐ వద్దని ఎవరూ రాయలేదు, అయినా అది పోయింది. ఇలాంటిదాన్ని మృత ఫీచర్ అంటారు. ఏడెనిమిది ఫీచర్ల మోడల్‌లో దీన్ని చేత్తో పట్టుకోవచ్చు, వేల ఫీచర్లు ఉన్నచోట యంత్రమే పట్టాలి.

లెక్క కట్టే ఉపకరణాలు

ఒకదానితో ఒకటి సంబంధం లేని 33 ఐచ్ఛిక ఫీచర్లుంటే సాధ్యమయ్యే వేరియంట్లు దాదాపు 859 కోట్లు, అంటే ప్రపంచ జనాభా కన్నా ఎక్కువ. అన్నింటినీ జాబితా రాసి పరిశీలించడం కుదరదు. 2005లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ బాటరీ, ఫీచర్ మోడల్‌ను మొత్తంగా ఒక తార్కిక సూత్రంగా మార్చవచ్చని స్పష్టంగా చూపించారు. అలా మార్చాక, ఆ సూత్రాన్ని నిజం చేసే విలువలు ఉన్నాయో లేదో వెతికే శాట్ సాల్వర్లు రంగంలోకి వచ్చాయి. సిద్ధాంతపరంగా ఆ వెతుకులాట చాలా కఠినమైనదే. కానీ నిజ జీవితపు ఫీచర్ మోడళ్లను సాల్వర్లు సులువుగానే పరిష్కరిస్తున్నాయని 2009లో మెండోన్సా, వాసోవ్‌స్కీ, చార్నెట్స్‌కీ నిరూపించారు.

మోడల్ నుంచి కనీసం ఒక్క వేరియంటైనా పుడుతుందా, మృత ఫీచర్లున్నాయా, ఐచ్ఛికమని రాసినా నిజానికి తప్పనిసరైపోయినవి ఉన్నాయా, ఫలానా ఎంపిక చెల్లుతుందా అనే ప్రశ్నలకు ఈ ఉపకరణాలు జవాబిస్తాయి. వాడుకరి ఒక ఫీచర్‌ను ఎంచుకోగానే దానివల్ల తప్పనిసరయ్యేవాటిని టిక్ చేసి, కుదరనివాటిని మూసేస్తాయి.

వాడుకలో ఉన్నవాటిలో ఎక్లిప్స్ అనే ప్రోగ్రామింగ్ సాధనంపై నడిచే ఫీచర్‌ఐడీఈ ఉచితంగా దొరికేది. జర్మనీలోని మాగ్డెబర్గ్ విశ్వవిద్యాలయంలో పుట్టి, బోధనలోనూ పరిశోధనలోనూ విరివిగా వాడబడుతోంది. అదే నగరంలో మొదలైన ప్యూర్ సిస్టమ్స్ సంస్థ ఉపకరణం ప్యూర్ వేరియంట్స్, అమెరికాకు చెందిన బిగ్‌లీవర్ సంస్థ ఉపకరణం గేర్స్ వాణిజ్యపరమైనవి. ఈ రెండూ కోడ్‌తో ఆగవు. ఒకే ఫీచర్ ఎంపిక ఆధారంగా అవసరాల పత్రాలు, డిజైన్ నమూనాలు, పరీక్షలు, వాడుకరి పుస్తకాలు కూడా ఆయా వేరియంట్‌కు తగ్గట్టు కత్తిరించి ఇస్తాయి. వాహన, రక్షణ పరిశ్రమల్లో వీటి వాడకం ఎక్కువ.

ఇప్పటికే నకళ్లు పోగుపడిన సంస్థల కోసం మరో తరగతి ఉపకరణాలున్నాయి. ఆస్ట్రియాలోని లింజ్‌లో తయారైన ఎకో, ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకున్న బట్‌ఫర్‌రీయూజ్ నకళ్లను ఒకదానితో ఒకటి పోల్చి, ఏ కోడ్ ముక్క ఏ ఫీచర్‌కు చెందిందో అంచనా వేస్తాయి. అయితే అవి ఇచ్చేది అంచనానే. దాన్ని సరిచూసి ఫీచర్‌కు పేరు పెట్టాల్సింది ఆ రంగం తెలిసిన మనిషి.

కోడ్‌లో తేడాను ఎక్కడ పెడతారు

తేడా ఎప్పుడు ఖరారవుతుందన్నది బట్టి పద్ధతి మారుతుంది. కంపైల్ సమయంలో ఖరారు చేసే అతి పాత సాధనం సీ భాష ప్రీప్రాసెసర్. ఇఫ్‌డెఫ్, ఎండిఫ్ గుర్తుల మధ్య రాసిన కోడ్, సంబంధిత పేరు నిర్వచించి ఉంటేనే కంపైలర్ దాకా వెళ్తుంది. పద్ధతి సులువు, వేగానికి నష్టం లేదు. కానీ ఒకదానిలో ఒకటి పెట్టుకుంటూ పోతే కోడ్ చదవడం నరకమవుతుంది. హెన్రీ స్పెన్సర్, జెఫ్ కాలియర్ 1992లోనే దీని ప్రమాదాలపై విమర్శ రాశారు. అయినా వాడకం తగ్గలేదు గనుక పరిశోధకులు ఉపకరణాలు తెచ్చారు. క్రిస్టియన్ కేస్ట్నర్, సహచరుల టైప్‌చెఫ్, గజిలో, గ్రిమ్‌ల సూపర్‌సీ ఇఫ్‌డెఫ్‌లను తొలగించకుండానే అన్ని వేరియంట్ల కోడ్‌నూ ఒకేసారి చదివి విశ్లేషిస్తాయి.

భాగాలుగా, ప్లగిన్‌లుగా విడదీయడం మరో దారి. ఒక్కో ఫీచర్ కోడ్‌ను ఒక్కో పొరగా రాసి కంపోజ్ చేసే ఫీచర్ ఆధారిత ప్రోగ్రామింగ్, మూల ప్రోగ్రాంకు చేర్పులు, తీసివేతలు రాసే డెల్టా పద్ధతి విద్యారంగంలో బాగా చర్చకు వచ్చాయి.

నడిచే సమయంలోనే ఖరారయ్యే తేడాకు అందరికీ తెలిసిన ఉదాహరణ భాష. ఆండ్రాయిడ్ యాప్‌లో తెలుగు మాటలను ‘వేల్యూస్’ అన్న పేరు పక్కన తెలుగు భాషా కోడ్ చేర్చిన ఫోల్డర్‌లో ఉంచుతారు. ఫోన్ భాష తెలుగైతే వ్యవస్థ అక్కడి మాటలను తీసుకుంటుంది, అక్కడ లేని వాక్యానికి డిఫాల్ట్ ఫోల్డర్‌కు వెళ్తుంది. యాప్‌లో సగం తెలుగు, సగం ఇంగ్లీషు కనిపించడానికి తరచూ ఇదే కారణం.

లినక్స్ కెర్నెల్

బహిరంగంగా పరిశీలించగల అతి పెద్ద ఉదాహరణల్లో ఒకటి, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రభాగమైన కెర్నెల్. అరచేతిలో ఇమిడే రౌటర్ నుంచి సూపర్ కంప్యూటర్ దాకా ఒకే మూల కోడ్ నుంచి తయారవుతుంది. ఎంపికల సంఖ్య పదివేలు దాటి చాలా కాలమైంది. వీటిని వర్ణించే కేకాన్ఫిగ్ భాషను రోమన్ జిప్పెల్ రూపొందించగా 2002లో కెర్నెల్‌లో చేర్చారు. దానికి ముందు ఎరిక్ రేమండ్ రాసిన పోటీ వ్యవస్థకు ఆమోదం దొరకలేదు.

ఈ ఎంపికలు చేసుకునే మెనూకాన్ఫిగ్ తెరపై ప్రతి ఎంపిక పక్కన ఒక బ్రాకెట్ ఉంటుంది. అందులో నక్షత్రం పెడితే ఆ ఫీచర్ కెర్నెల్‌లో కలిసిపోతుంది, ఖాళీగా వదిలితే ఉండదు. చాలా డ్రైవర్లకు మూడో అవకాశం కూడా ఉంది. ‘ఎమ్’ అని పెడితే అవసరమైనప్పుడు ఎక్కించుకునే మాడ్యూల్‌గా తయారవుతుంది. నియమాలు రాయడానికి ముఖ్యంగా రెండు మాటలున్నాయి. ‘డిపెండ్స్ ఆన్’ అంటే అది ఉంటేనే ఇది కనిపిస్తుంది. ‘సెలెక్ట్’ అంటే ఇది ఎంచుకోగానే అది బలవంతంగా చేరుతుంది. సెలెక్ట్ తాను చేర్చేదానికి ఇంకేమైనా కావాలా అని చూడదు. అందుకే దాన్ని జాగ్రత్తగా వాడాలని కెర్నెల్ పత్రాలే హెచ్చరిస్తాయి.

ఎంపికలు కేకాన్ఫిగ్‌లో, వాటిని వాడే ఇఫ్‌డెఫ్‌లు కోడ్‌లో ఉండటం వల్ల రెండూ పొంతన తప్పే ప్రమాదం ఉంది. జర్మనీలోని ఎర్లాంగెన్ పరిశోధకులు అండర్‌టేకర్ అనే ఉపకరణంతో 2.6.35 వర్షన్‌ను పరీక్షించి, 1,776 చోట్ల ఇలాంటి లోపాలున్నాయని 2011లో ప్రకటించారు. వాటిలో ఒకటి చూస్తే సమస్య అర్థమవుతుంది. కేకాన్ఫిగ్‌లో ఉన్న పేరు ‘హాట్‌ప్లగ్ సీపీయూ’. కోడ్‌లో ఒకచోట ‘సీపీయూ హాట్‌ప్లగ్’ అని తిరగేసి రాశారు. నిర్వచించని పేరును ప్రీప్రాసెసర్ తప్పుగా ఎంచదు, లేనిదిగా లెక్కేసి ఆ కోడ్‌ను నిశ్శబ్దంగా వదిలేస్తుంది. కంపైలర్ ఆ కోడ్‌ను ఎన్నడూ చూడలేదు, కాబట్టి ఏ హెచ్చరికా రాలేదు. మరమ్మతుకు రెండు మాటల వరస మార్చితే సరిపోయింది, ఆ చోటు కనిపెట్టడానికి మాత్రం రెండు చోట్ల రాసిన నియమాలను పోల్చే యంత్రం కావలసి వచ్చింది.

పరీక్ష, ఫీచర్ల పరస్పర ప్రభావం

విడివిడిగా సరిగ్గా పనిచేసే రెండు ఫీచర్లు కలిసినప్పుడు తగవు పడటం ఈ రంగంలో నిత్యం ఎదురయ్యే చిక్కు. టెలిఫోన్ ఇంజనీర్లకు ఇది ముందే తెలుసు. లైన్ బిజీగా ఉండగా ఇంకో కాల్ వస్తే, కాల్ వెయిటింగ్ మాట్లాడుతున్నవారికి బీప్ వినిపించాలంటుంది, కాల్ ఫార్వర్డింగ్ దాన్ని వేరే నంబరుకు పంపాలంటుంది. రెండూ ఉన్న లైన్‌లో ఏది గెలవాలో రెండింటి నిర్వచనాల్లోనూ ఉండదు. ఎవరో ఒకరు నిర్ణయించి రాయాలి.

ప్రతి కలయికనూ పరీక్షించలేరు కనుక నమూనాలు ఎంచుకుంటారు. ఎక్కువ లోపాలు ఒకటి రెండు ఫీచర్ల కలయికలోనే బయటపడతాయన్న పరిశీలన దీనికి ఆధారం. 10 ఐచ్ఛిక ఫీచర్లకు 1,024 వేరియంట్లుంటే, ఏ రెండు ఫీచర్లు తీసుకున్నా వాటి నాలుగు స్థితులూ ఎదురయ్యేలా 6 వేరియంట్లను ఎంచుకుంటే చాలు. లినక్స్‌లో యాదృచ్ఛికంగా ఎంపికలు చేసి కెర్నెల్ తయారుచేసే సదుపాయం కూడా ఉంది. ఆటోమేటిక్ పరీక్షా యంత్రాలు దాన్ని రాత్రింబవళ్లు నడుపుతుంటాయి.

నమూనాలు ఎంత నమ్మదగినవో తేల్చడానికి బెల్జియం, ఫ్రాన్స్ పరిశోధకులు జేహిప్‌స్టర్ అనే వెబ్ అప్లికేషన్ల తయారీ సాధనం తీసుకుని, దాని 26,256 వేరియంట్లనూ ఒక్కటి వదలకుండా పరీక్షించారు. 2019లో ప్రచురితమైన ఫలితం ప్రకారం దాదాపు 36 శాతం వేరియంట్లు విఫలమయ్యాయి. ఆ వేలాది వైఫల్యాల వెనక ఉన్న మూల లోపాలు మాత్రం ఆరే. వేరియంట్ వారీగా మరమ్మతుకు దిగేవారికి ఎంత శ్రమ వృథా అవుతుందో ఈ లెక్క చెబుతుంది.

రెండు వైఫల్యాలు

1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలో దాదాపు 40 సెకన్లకే పేలిపోయింది. దిశను కొలిచే వ్యవస్థ సాఫ్ట్‌వేర్‌ను ఏరియన్ 4 నుంచి యథాతథంగా తెచ్చారు. ఏరియన్ 4 అవసరం కోసం, రాకెట్ లేచాక కూడా కొంతసేపు నడిచే లెక్క ఒకటి అందులో ఉంది. ఏరియన్ 5కు లేచాక దానితో పనే లేదు. కొత్త రాకెట్ అడ్డవేగం ఎక్కువ కావడంతో, ఒక 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో పట్టక వ్యవస్థ ఆగిపోయింది. ఆ లెక్క ఏ రాకెట్ కోసమో, ఏ వేగం దాకా చెల్లుతుందో కొత్త రాకెట్ అవసరాలతో సరిచూడలేదు.

2012 ఆగస్టు 1న అమెరికా షేర్ల వ్యాపార సంస్థ నైట్ క్యాపిటల్ 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. ఏళ్ల క్రితమే వాడకం ఆపేసిన ఒక ఫీచర్ కోడ్‌ను తొలగించలేదు. దాన్ని నడిపే ఫ్లాగ్‌ను, అంటే ఆన్-ఆఫ్ మీటను, కొత్త ఫీచర్‌కు వాడుకున్నారు. కొత్త కోడ్‌ను 8 సర్వర్లలో ఏడింటిలోనే పెట్టారు. ఎనిమిదోదానిలో అదే ఫ్లాగ్ పాత ఫీచర్‌ను మేల్కొలిపి ఆపకుండా ఆర్డర్లు పంపింది. నడిచే సమయపు ఫ్లాగ్‌లు కూడా వేరియంట్లను పుట్టిస్తాయి. అందువల్ల వాటికీ నమోదు, గడువు, తొలగింపు ఉండాలన్నది అప్పటి నుంచి గట్టిగా వినిపిస్తున్న మాట.

సంస్థాగత వైపు, ప్రమాణాలు

ఉత్పత్తి శ్రేణి పనిని రెండుగా విడదీస్తారు. ఉమ్మడి భాగాలనూ ఫీచర్ మోడల్‌నూ తయారుచేసేది డొమైన్ ఇంజనీరింగ్. వాటి నుంచి ఒక్కో కొనుగోలుదారుకు ఉత్పత్తి తీసేది అప్లికేషన్ ఇంజనీరింగ్. మొదటిదానికి ముందస్తు పెట్టుబడి కావాలి. సుమారు మూడో ఉత్పత్తి నుంచి అది తిరిగి రావడం మొదలవుతుందని ఈ రంగపు గ్రంథాలు చెబుతాయి. బిగ్‌లీవర్ స్థాపకుడు చార్లెస్ క్రూగర్ మూడు దారులు చూపారు. మొత్తం శ్రేణిని ముందే రూపొందించడం, కొత్త అవసరం వచ్చినప్పుడల్లా పెంచుకుంటూ పోవడం, ఉన్న నకళ్ల నుంచి శ్రేణిని వెలికితీయడం. చాలా సంస్థలకు అప్పటికే నకళ్లు ఉంటాయి గనుక మూడోదే వాస్తవానికి దగ్గర.

అంతర్జాతీయ ప్రమాణాల్లో ఐఎస్‌ఓ 26550 ఉత్పత్తి శ్రేణి ఇంజనీరింగ్‌కు నమూనా చట్రాన్ని ఇస్తుంది. 2021లో వచ్చిన 26580 ఫీచర్ ఆధారిత పద్ధతికి ప్రత్యేకం. ఒక్కో ఉపకరణానిది ఒక్కో ఫైలు రూపం కావడంతో మోడళ్లు చేతులు మారలేని ఇబ్బందిని తీర్చడానికి పరిశోధకులు యూనివర్సల్ వేరియబిలిటీ లాంగ్వేజ్ అనే ఉమ్మడి భాషను 2021లో ప్రతిపాదించారు.

పరిమితులు

ఉపకరణాలు మోడల్‌లో రాసిన నియమాలనే లెక్కిస్తాయి. రాయని నియమం వాటికి లేనట్టే. మోడల్‌ను కోడ్‌తో పాటు మార్చకపోతే, కొన్నాళ్లకు అది నమ్మరాని పత్రంగా మిగులుతుంది. రెండు మూడు వేరియంట్లకు మించని చిన్న ప్రాజెక్టుకు ఈ హంగంతా భారమే. అక్కడ శుభ్రమైన నకలు, ఆ నకలు ఎందుకు తీశారో చెప్పే ఒక పేరా చాలు.

ఏ వేరియంట్ చెల్లుతుందో ఉపకరణం చెప్పగలదు గానీ, ఏది ఇంకా ఉండాలో చెప్పలేదు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ఏ 386 ప్రాసెసర్‌పై లినక్స్ కెర్నెల్ రాయడం మొదలుపెట్టారో, దాని మద్దతును 2012 చివర్లో కెర్నెల్ నుంచి తీసేశారు. 2018లో వచ్చిన 4.17 వర్షన్‌లో వాడేవారు కరువైన 8 ప్రాసెసర్ రకాలను ఒకేసారి తొలగించారు. దాదాపు 5 లక్షల పంక్తుల కోడ్ తగ్గింది. ఈ నిర్ణయాలు మనుషులు చర్చించి తీసుకున్నవి. కొత్త వేరియంట్ చేర్చడానికి కారణం అడిగే సంస్థ, పాతదాన్ని ఉంచడానికి కూడా అంతే గట్టిగా కారణం అడిగినప్పుడే ఉపకరణాల మీద పెట్టిన ఖర్చు గిట్టుబాటవుతుంది.